ఇసుకలో ఎక్కం

దస్తగిరికి పిల్లలంటే భయం.

నవ్వొద్దు. దర్గా వెనకాల సమాధుల మధ్య ఒంటరిగా పడుకునేవాడు. దారిలో పాము కనిపిస్తే దాన్ని పోనిచ్చి తన దారిన తను పోయేవాడు. అలాంటివాడు పొద్దున్నే బడిపిల్లలు తలెత్తి తనవైపు చూస్తే చాలు, నోరు ఎండిపోయి నిలబడేవాడు.

కొండ కింద ఆ దర్గా వాకిట్లో జలాల్ బాబా ఏళ్ళ తరబడి బడి నడిపాడు. చుట్టుపక్కల పల్లెల పిల్లలు, ఏ కులమైనా ఏ మతమైనా, అక్కడే అక్షరాలు, ఎక్కాలు నేర్చుకునేవారు. వాకిలంతా ఏటి ఇసుక పోసి ఉండేది. ఎవరి ముందున్న ఇసుకను వాళ్ళు అరచేత్తో చదును చేసుకుని వేలితో రాయాలి. అయ్యవారు ఒక మాట చెబితే పిల్లలంతా అందుకుని గట్టిగా అంటారు, అంటూనే రాస్తారు. దస్తగిరి కూడా అలా నేర్చుకున్నవాడే. ఆ ఏడు వేసవిలో దగ్గు ముదిరి బాబా గొంతు పోయింది. బడిని శిష్యుడైన దస్తగిరికి అప్పగించాడు.

దస్తగిరి భయమల్లా ఎక్కడ తప్పు చెప్తానో అని. ఒక్క తప్పు దొరికితే పిల్లలు నవ్వుతారు, ఊళ్ళు నవ్వుతాయి, బాబా పేరు మట్టిలో కలుస్తుంది. ఆ భయం పైకి కనపడకుండా ఉండాలని చింతబరికె ఒకటి విరిచి తెచ్చుకున్నాడు. బరికె వచ్చాక బడిలో ఎవరూ ఏమీ అడగలేదు. అదే మర్యాద అనుకున్నాడు పాపం. పరుగెత్తుకొచ్చే పిల్లలు కాళ్ళీడ్చుకుంటూ రావడం చూసి కూడా చూడనట్టే ఉన్నాడు.

మర్యాద ఇంకాస్త పెంచుదామని ఒకరోజు బాబాను అడిగాడు.

"పక్కూరి బళ్ళో కాగితాల మీద సిరాతో రాయిస్తాండారు బాబా. మనమూ తెప్పిద్దాం. ఈ ఇసుకంటే ఎవరికి లెక్క?"

"చూద్దాంలే" అన్నాడు బాబా.

బడిలో ఓబుళమ్మ అనే పిల్ల ఉండేది. గొర్రెల కాపరి కూతురు. వాళ్ళ నాయన దస్తగిరితో ముందే చెప్పి పోయాడు. "బడి బడి అని పోరు పెడతాంటే పంపిస్తాండా అయివారా. ఏడ్చుకుంటా ఇంటికొచ్చిన రోజు గొర్రెలెంట తోల్తా. మళ్ళీ అడగొద్దు."

ఆ మాట కూడా దస్తగిరి గుండెల మీద బరువే. రోజురోజుకీ భయం పెరిగింది. అన్నం సయించలేదు. ఒక సాయంత్రం బట్టలు మూట కట్టుకుని బాబా ముందుకొచ్చాడు.

"నా వల్ల కాదు బాబా. కట్టెలు కొట్టమనండి, నీళ్ళు మోయమనండి. ఆ పిల్లోళ్ళ ముందర మాత్రం నిలబెట్టొద్దు. కాదంటే ఎటన్నా పోతా."

"దేనికిరా భయం?"

"తప్పు చెప్తానేమోనని."

"చెప్తే?"

"ఇంకేం మర్యాద ఉంటాది బాబా?"

బాబా దగ్గు తెరల మధ్య మెల్లగా అన్నాడు. "రేపు నేనూ వస్తా బడికి. ఆ తర్వాత పోదువులే."

అంతవరకు పిల్లల భయమే. ఇప్పుడు బాబా భయం కూడా తోడైంది.

మర్నాడు బాబా వచ్చి పిల్లల చివరి వరసలో, ఓబుళమ్మ పక్కన చతికిలబడ్డాడు. పోవడానికి దస్తగిరి గోడవార సిద్ధంగా పెట్టుకున్న బట్టల మూటకు వీపు ఆనించాడు. అందరిలాగే తన ముందున్న ఇసుకను చదును చేసుకుని, వేలు ఆనించి అయ్యవారి వైపు చూశాడు.

దస్తగిరి పదిహేడో ఎక్కం మొదలుపెట్టాడు. చూపంతా బాబా మీదే. నాలుక దాని దారిన అది పోతోంది.

"పదిహేడేళ్ళు నూట పంతొమ్మిది."

పిల్లలు అన్నారు, రాశారు.

"పదిహేడెనిమిదులు నూట ఇరవయ్యారు."

పిల్లలు అన్నారు, రాశారు. బొంగురు గొంతుతో బాబా కూడా అన్నాడు. ఓబుళమ్మ ఒక్కతే అనలేదు. ఆ పిల్ల ముందు ఇసుకలో నూట ముప్పయ్యారు అని ఉంది.

ఆ పిల్ల నోరు మెదపకపోవడం చూసి దస్తగిరి దగ్గరికొచ్చాడు. ఆ పిల్ల రాసిందే నిజం. బాబా విన్నాడు. అందరూ విన్నారు. ఏం చెయ్యాలో తోచక చేతిలో బరికె పైకెత్తాడు.

"ఏమే! అందరూ ఒకటి రాస్తే నువ్వొకటి రాస్తావా?"

ఓబుళమ్మ బరికెను చూసింది. ఏడవకూడదని పెదవి గట్టిగా కొరుక్కుంది. అరచేత్తో తన అంకెను తుడిచేసి, నూట ఇరవయ్యారు అని దిద్దింది.

దస్తగిరి పక్కకు చూశాడు. బాబా ముందు ఇసుకలో కూడా అదే ఉంది, నూట ఇరవయ్యారు.

"బాబా... మీకు తెలుసు గదా?"

"అయివారు చెప్పినారు, రాసినా."

"తప్పని తెలిసీ రాస్తారా?"

బాబా ఆ చింతబరికె వైపు చూశాడు.

"అది నీ చేతిలో ఉండాది నాయనా. నాకూ భయమే."

దస్తగిరి చేతిలోంచి బరికె జారి కింద పడింది. అతను ఓబుళమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నేను తప్పు చెప్పినా పాపా. నువ్వు రాసిందే నిజం. మళ్ళీ రాయి."

ఆ పిల్ల నమ్మలేదు. కింద పడిన బరికెను ఒకసారి, అయ్యవారి మొహాన్ని ఒకసారి చూసింది. దస్తగిరే ఆమె ముందున్న ఇసుకను తన అరచేత్తో చదును చేశాడు. తర్వాత బాబా ముందున్నదీ చేశాడు. అప్పుడు ఓబుళమ్మ వేలు కదిలింది. వాకిలంతా పిల్లల అరచేతులు ఇసుక మీద పాకాయి.

ఎవరో కిసుక్కున నవ్వారు. దస్తగిరి ఉలిక్కిపడ్డాడు. ఆ నవ్వు తనను ఏమీ చెయ్యలేదు. ఇంకొకడు ధైర్యంగా చెయ్యెత్తి, "అయివారా, నూట ముప్పయ్యారు ఎట్లొస్తాది?" అని అడిగాడు. బరికె వచ్చాక ఆ బడిలో ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు. దస్తగిరి అక్కడే కూర్చుని ఇసుకలో కూడి చూపించాడు.

బడి వదిలాక ఓబుళమ్మ పరుగెత్తుకుంటూ ఇంటికి పోయింది.

బాబా ఇంకా మూటకు ఆనుకునే ఉన్నాడు.

"సిరా తెప్పిద్దామంటివే, ఎప్పుడు తెప్పిద్దాం?"

దస్తగిరి తన అరచేతికి అంటిన ఇసుకను చూసుకున్నాడు.

"కొన్నాళ్ళు ఇసుకే ఉండనీండి బాబా."

"పిల్లోళ్ళకా?"

"నాకు."