గోదాకు అడ్డం పడిన గరిటె

కథలు చెప్పడమే గానీ రాయడం నాకిదే మొదలు. ఇంతకుముందు ఉత్తరం ముక్క కూడా రాసి ఎరగను. చదివింది అయిదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

చాలాకాలం కిందట ఒకానొక రాజ్యాన్ని ఉద్దండ భూపాలుడు ఏలేవాడు. ఆయనకు కుస్తీ అంటే ప్రాణం. జీతాలిచ్చి నలభైమంది మల్లుల్ని మేపేవాడు. అంతకంటే ప్రాణం వాళ్ల తాతగారు. నోరు తెరిస్తే "మా తాతగారి కాలంలో" అనేవాడు.

ఆ తాతగారు కట్టించిందే ఊరవతలి విద్యాపీఠం. మూడొందలమంది విద్యార్థులకు అక్కడే చదువు, అక్కడే పాకల్లో పడక. వాళ్లందరికీ వండి వార్చేది అచ్చాంబ. ముప్పై ఏళ్లుగా ఆ గాడిపొయ్యి పొగలోనే ఉంది. అక్షరమ్ముక్క రాదు, నోటికి మాత్రం అడ్డూ అదుపూ లేదు.

పీఠంలో ఒక కట్టుబాటు ఉండేది. ప్రహరీ లోపల విస్తరి ముందు ఎవరు కూర్చున్నా సరే, పాఠం అప్పజెప్పితేనే అన్నం. తప్పుపోతే లేచి వరస చివరికి పోవాలి. పెద్ద గురువు నరసావధానులుగారు తల ఊపితే గానీ అచ్చాంబ గరిటె కదిలేది కాదు.

ఒకనాడు రాజు సభలో ప్రకటించాడు. "పీఠం నేల చదునుగా బాగుంది. పాకలు పీకించి అక్కడ పెద్ద గోదా కట్టిస్తాం. చుట్టూ పదివేలమంది కూర్చునేలా మెట్లు. మా మల్లులు కూడా అక్కడే ఉంటారు."

అవధానులుగారు లేచారు. "ప్రభూ, అంతమంది ఈలలు వేస్తుంటే పాఠం ఎలా వినపడుతుంది?"

"గట్టిగా చెప్పండి."

"పాకలు పోతే పిల్లలెక్కడ పడుకుంటారు మహారాజా?"

"మెట్ల కింద. ఎండా తగలదు, వానా తగలదు."

సభంతా నవ్వింది. పండితులు తలలు దించుకున్నారు. వాళ్ల వెంట వచ్చి వెనక నిలబడ్డ అచ్చాంబ అంతా వింది. జ్వరమొచ్చిన పిల్లలకు తను జావ కాచి తాగించిన పాకలవి. అయినా మొహాన నవ్వు పులుముకుని ముందుకొచ్చింది.

"కట్టించండి ప్రభూ! కుర్రాళ్లకు కాస్త కండ పడుతుంది. ఒక్కటే సందేహం. ప్రహరీ లోపల తాతగారి కట్టుబాటు ఉంటుందా, పోతుందా?"

రాజు మీసం దువ్వాడు. "మా తాతగారి మాట పోవడమా? మల్లులకైనా, మాకైనా అదే కట్టుబాటు!"

దారిలో అవధానులుగారు ఆమె మీద విరుచుకుపడ్డారు. "అన్నం పెట్టిన చేత్తోనే కొంప ముంచావు గదటమ్మా!"

"వచ్చే బుధవారం శంకుస్థాపనట గదండీ. విందు మన ప్రహరీ లోపలే, వంట నాదే. ఆ పూట మీరు తల మాత్రం తొందరపడి ఊపకండి, అంతే," అంది అచ్చాంబ.

బుధవారం రానే వచ్చింది. ముహూర్తం ముగిసేసరికి మిట్టమధ్యాహ్నమైంది. గుత్తొంకాయ ఘుమఘుమలకు మల్లులు లొట్టలేస్తూ విస్తళ్ల ముందు కూలబడ్డారు. అందరి కంటే ముందు పెద్దమల్లు వీరభద్రుడు.

అచ్చాంబ గరిటె ఎత్తి ఆగింది. "అప్పజెప్పు నాయనా."

"ఏంటి అప్పజెప్పేది? ఎవణ్ణి పడెయ్యాలో చెప్పు తల్లీ!"

"పంతొమ్మిదో ఎక్కం," అన్నారు అవధానులుగారు.

వీరభద్రుడికి చెమటలు పట్టాయి. ఏనుగును తోసినవాడు ఎక్కాన్ని తొయ్యలేక వరస చివరికి పోయాడు. వాడి వెనక మరొకడు. చూస్తూండగానే నలభైమందీ లేచారు. వరస కాస్తా గొలుసులా తిరుగుతోంది గానీ ఒక్క విస్తట్లోనూ మెతుకు పడలేదు.

రాజు గుడ్లురిమాడు. "సిగ్గులేదట్రా! ఆ మాత్రం రాదూ? మాకు వడ్డించు అచ్చాంబా."

"తమరు కూడా అన్నారు గద ప్రభూ, మాకైనా అదేనని."

రాజు గొంతు సవరించుకున్నాడు. "పంతొమ్మిదొకట్ల పంతొమ్మిది, పంతొమ్మిది రెళ్ళు ముప్పయ్యెనిమిది..." ఆరు దాకా గుర్రంలా పరుగెత్తాడు. "పంతొమ్మిదేళ్ళు... పంతొమ్మిదేళ్ళు..." అక్కడే చతికిలబడ్డాడు. అవధానులుగారు ఆకాశం వంక చూస్తున్నారు.

వీరభద్రుడు భోరుమన్నాడు. "మహారాజా, మా గోదా కోట పక్క ఇసకలో వేయించండి. ఇక్కడైతే మేం కుస్తీకి ముందే చస్తాం!"

రాజు ఖాళీ విస్తరి చూశాడు, అచ్చాంబ గరిటె చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా తాతగారితోనే మమ్మల్ని కొట్టించావు! పాకల జోలికి రాం. గోదా కోట పక్కనే." చేతి కంకణం తీసి ఇచ్చి, కళ్లు చిట్లించాడు. "అది సరే, ముప్పై ఏళ్లుగా ప్రహరీ లోపలే తింటున్నావు. నువ్వేం అప్పజెప్పావమ్మా?"

అచ్చాంబ నాలిక కరుచుకుని గరిటె వెనక్కి దాచుకుంది. మల్లులు ఆకలి మరిచి చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున అందరికీ వడ్డించి, గరిటె అవధానులుగారి చేతికిచ్చి, అచ్చాంబ తన విస్తరి ముందు కూర్చుంది. రెండో ఎక్కం ఎత్తుకుంది. ఎనిమిది దగ్గర తప్పింది. చీర కొంగు నడుముకు దోపుకుని, గొణుక్కుంటూ లేచి, వరస చివరికి పోయి నిలబడింది.