కాగితం మీద పూసిన నీటిపొన్న

కొంగలదిబ్బ పక్షుల రక్షిత కేంద్రంలో, ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే కామేశం అనే మహా బద్ధకస్తుడు ఉండేవాడు. కార్తీకంలో ఆవులించడానికి నోరు తెరిస్తే, మూసేసరికి మార్గశిరం వచ్చేసేది!

అక్కడి చిత్తడిలో నీటిపొన్న అనే పొద పెరిగేది. మిగతా చోట్ల అది ఎప్పుడో అంతరించిపోయింది. ఏటా పడవలో వెళ్లి, పూతా కాయా ఉన్న కొమ్మ ఒకటి కోసి, పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, అట్టకు అంటించి, కింద తేదీ రాయడం కామేశం పని. ఒక ఏడు ఆయన గంపెడు కొమ్మలు కోసుకొచ్చాడు. "ఇక పదేళ్లు బురద తొక్కక్కర్లేదు!" అనుకున్నాడు. అప్పట్నుంచి ఏటా అందులోదే ఒక కొమ్మ అంటించి, కొత్త తేదీ వేసేవాడు.

నాలుగో ఏడు పడవ నడిపే మరిడమ్మ వచ్చింది. ఆవిడ నోరు విప్పితే అవతలి ఒడ్డున బాతులు నీళ్లలో మునిగేవి.

"కామేశం బాబూ! కాలవ పూడిపోయింది. పొదలు గొంతెండి చస్తన్నాయి. ఒక్కసారొచ్చి చూడు!"

"వచ్చే వారం వస్తాలే."

"నీ వారానికి ఎన్ని నెలలు బాబూ?"

కామేశం నవ్వాడు కానీ కదల్లేదు. మరిడమ్మ పెద్దాఫీసుకే వెళ్లి మొత్తుకుంది. అక్కడివాళ్లు కామేశాన్ని అట్టలతో సహా పిలిపించి, వాటిని తిరగేశారు.

"పోయిన నెలే పూసిందని రాసుంది కదమ్మా! ఏం కామేశం గారూ?"

నిజం చెబితే పరువు పోతుందని కామేశం తలూపాడు. పూడిక తీసేవాళ్లను వేరే కాలువకు పంపేశారు.

ఆరో ఏడు పై అధికారి వచ్చి, "నీటిపొన్న విత్తనాలు కావాలి, పదండి" అన్నాడు. మరిడమ్మ పడవ వేసింది. పొదలుండే చోట ఎండుపుల్లలు తప్ప ఏమీ లేవు. ముట్టుకుంటే పటుక్కున విరిగాయి. ఆ పొదల మీద గూళ్లు కట్టే కొంగలు కూడా ఆ ఏడు రాలేదు. అంత గొంతున్న మరిడమ్మ ఒక్క మాట అనలేదు. ఒక పుల్ల ఒళ్లో పెట్టుకుని, దాన్ని నిమురుతూ కూర్చుంది.

ఆవిడ తిట్టినా బాగుండేదనిపించింది కామేశానికి. గదికి పరుగెత్తి, అట్టల మీది కాయలన్నీ ఒలిచి నాటాడు. పురుగు పట్టకుండా పూసిన మందుకు వాటి ప్రాణం ఎప్పుడో పోయింది. వానాకాలమంతా ఆ మడి దగ్గరే కూర్చున్నాడు. ఆయన కన్నీళ్లకు ఏడు కాలువలు నిండేవి. ఒక్క మొలకా రాలేదు.

చూడనిదాన్ని చూశానని రాస్తే, ఆ రాతను నమ్మి అందరూ నిశ్చింతగా ఉండిపోతారు. కాపాడవలసిన ప్రాణం ఈలోగా దక్కకుండా పోతుంది.