సలోమి సాక్ష్యం

శిష్యులు కథ రాసి తెస్తే విశ్వపతిగారు దాన్ని పక్కన పెట్టి, ముందు వాళ్ళనే మాట్లాడించేవారు. ఒకనాడు మురారి అడిగాడు: "మాస్టారూ, అబద్ధాన్ని పట్టే యంత్రం మీద సైన్సు కథ రాశాను. అసలు యంత్రాలకు అంత సీను లేదని నాకూ తెలుసు. చదివేవాళ్ళకు మాత్రం కథేదో నిజమేదో తెలియదంటారా?"

మాస్టారు వాదనకు దిగలేదు. తనకు జరిగినదొకటి చెప్పారు.

వయసులో ఉండగా ఆయన ఒక వారపత్రికకు సీరియల్ రాశారు. అందులోని యంత్రం ముందు అబద్ధమాడితే ఎర్రదీపం వెలిగేది. కందుకూరు వైపు పొగాకు గ్రేడింగు చేసే ఆడవాళ్ళు, ఒకరు ఆ సీరియల్ పైకి చదువుతుంటే మిగతావాళ్ళు ఆకు ఏరుతూ వినేవారట. ఆ సంగతి తెలిసి మాస్టారి కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఆ ఆడవాళ్ళలో సలోమి అనే ఆమె ఒకరోజు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఆమె భర్త ఏసోబు పొగాకు ఆరబెట్టే బ్యారనుకు నిప్పు పెట్టాడని కేసు. పోలీసులు పట్నంలో అబద్ధాలు పట్టే మిషను పెట్టి చూస్తే అతను చెప్పేది అబద్ధమని వచ్చింది. ఆ ఫలితం కోర్టులో చెల్లదు. ఇక అతన్ని కాపాడగలిగేది సలోమి సాక్ష్యమొక్కటే.

"అయ్యా, బ్యారను తగలబడిన ఆ మద్దేనం మాయన నాకాడే అన్నం తిన్నాడు. నా చేత్తో పెట్టా. మిషనేమో కాదంటంది. నాకేమన్నా మతి తప్పిందంటారా?"

"అమ్మా, ఆ ఎర్రదీపం నేను పుట్టించింది. అసలు మిషను కొలిచేది గుండెదడ లాంటివే. భయపడినా దడ వస్తుంది."

"మీరు పెద్దోళ్ళు, అట్టనే అంటారు. తెలవకుండానే అంత బాగా రాశారా?"

కోర్టులో ఆ మధ్యాహ్నం సంగతి అడిగితే ఆమె, "సరిగ్గా గుర్తులేదండి" అంది. ఏసోబుకు ఏడేళ్ళ జైలు పడింది. ఆనాడు మురారి పక్కనే కూర్చుని విన్న నాకు, ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీదో మాత్రం తేల్చుకోలేను.

మురారి, "మీరు నిజం చెప్పారు కదా మాస్టారూ, ఆమె నమ్మకపోతే మీరేం చేస్తారు?" అన్నాడు.

"చెప్పింది ఒక్క పూట. రాసింది నలభై వారాలు. ఆ నలభై వారాల్లో నా యంత్రం ఒక్కసారీ పొరబడలేదు నాయనా. పొరబడితే కథ పలచబడుతుందని నేనే పొరబడనివ్వలేదు."