మోకాళ్ల మందు

సింగవరం రాజు రణధీరరాయుడికి మొలలు వచ్చాయి. కూర్చుంటే ప్రాణం పోతోంది, వైద్యుడికి చూపించుకోవాలంటే సిగ్గు. అందుకని, ప్రజల మేలు కోరి నిలబడే వ్రతం పట్టానని చాటింపు వేయించి, కొలువులో సింహాసనం పక్కన నిలబడ్డాడు. రాజు నిలబడ్డాక ఇంకెవరు కూర్చుంటారు? పక్షం రోజులకి ముసలి మంత్రి కాళ్లు స్తంభాల్లా వాచాయి.

ఒకనాడు కోటకు దిండ్లు కుట్టే దూదేకుల మస్తానమ్మ కొలువుకి వచ్చింది. పొద్దున్నుంచి నిలబడితే మధ్యాహ్నానికి ఆమె వంతు వచ్చింది.

“ఏమిటమ్మా నీ బాధ?” అన్నాడు రాజు.

“నిలబడీ నిలబడీ అందరి మోకాళ్లూ పోయాయి దొరా. పూతమందు నూరి తెచ్చాను. తమరు ఒప్పుకోవాలి” అంటూ ఓ చిన్న పిడత అందించింది.

“మోకాళ్లకి పూసుకోవడానికి నా ఒప్పుదల ఎందుకు?”

మస్తానమ్మ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. “మోకాళ్లు మావే దొరా. పూసుకోవాల్సింది తమరు.”

రాజు చెవులు ఎర్రబడ్డాయి. “ఎవరు చెప్పారు నీకు?” అని గొణిగాడు.

“ఎవరూ చెప్పలేదు. ఈ నెలలో తమ పడకగదికి నాలుగు దిండ్లు కుట్టాను. ఒకదాన్ని మించి ఒకటి మెత్తగా ఉండాలన్నారు. నాలుగోదానికి నడిమధ్యన చిల్లు పెట్టమన్నారు.”

రాజు పిడతను అంగీలో దాచుకున్నాడు.

పది రోజులకి వ్రతం ముగిసిందని చాటింపు వేశారు. రాజు కూర్చున్నాడు. ఆయన కంటే ముందే మంత్రి కూర్చున్నాడు.

తలుపు దగ్గర కనబడిన మస్తానమ్మను రాజు దర్జాగా పలకరించాడు. “మోకాళ్లు ఎలా ఉన్నాయమ్మా?”

“తమరికెలా ఉంటే మాకూ అలాగే దొరా!”