కావడి వెనక బిందె

శేషఫణి ఆరేళ్ళు తిండీ నిద్రా మాని కణభౌతికంలో ఒక కొత్త సిద్ధాంతం కట్టాడు. ఎల్లుండే దాన్ని పరీక్షకుల ముందు పెట్టాలి. తీరా చూస్తే లెక్క కుదరలేదు. ఒక్కో కణానికీ వంతుగా ఒక అంకె ఉంటుంది, ఆ వంతులన్నీ కూడితే సున్నా రావాలి. రాకపోతే ఆ సిద్ధాంతం తన మాటని తానే కాదంటుంది. ఇతనికేమో అర మిగిలిపోతోంది. ఆరేళ్ళూ గంగలో కలిసేలా ఉన్నాయి.

ఆదరాబాదరాగా కొండమీద వేదాద్రి మాస్టారి దగ్గరికి పరిగెత్తాడు. అక్కడొక కట్టుబాటు ఉంది. సందేహంతో వచ్చినవాడు ముందు ఊట దగ్గర్నుంచి నీళ్ళు మోసుకురావాలి. లోకంలో సందేహాలున్నన్నాళ్ళూ మాస్టారింట్లో నీళ్ళకి కరువు లేదు.

కావడికి ముందువైపు మూడు చిన్న బిందెలు, వెనకవైపు ఒక పెద్ద బిందె. శేషఫణి భుజానికెత్తుకుని మెట్లెక్కుతున్నాడు. వెనకాలే మాస్టారు.

"కేంద్రకాన్ని కట్టే క్వార్కుల జట్టుని మాత్రమే ఉంచానండీ," దారిలోనే మొదలుపెట్టాడు. "ఆ జట్టు మూడు రంగుల్లో ఉంటుంది, రంగుకి ఆరోవంతు. ఎలక్ట్రాన్, దాని తోడు న్యూట్రినో ఉన్న జట్టుని తీసిపారేశాను. ఆ కట్టే పనిలో అది చెయ్యే వెయ్యదు. పెళ్ళికొచ్చి పని ముట్టకుండా విస్తరి ముందు కూచునే చుట్టం లాంటిది."

"మరి ఆ మిగిలిన అర?"

"అడుగున చిన్న అక్షరాల్లో వేసేస్తాను. ఎవరు చూడొచ్చారు?"

మాస్టారు ఉట్టి తాడు తప్పించి వెనక బిందెని రెండు చేతులా పైకి లేపేశారు.

కావడి ముందుకి వాలింది. దానితోపాటే శేషఫణీ బోర్లా పడ్డాడు. మూడు చిన్న బిందెలూ అతని పక్కనుంచే గలగలమంటూ ఊటదాకా దొర్లిపోయాయి.

"అయ్యో మాస్టారూ! అదెందుకు తీశారండీ?"

"ఇవి గేదెని కడిగే నీళ్ళోయ్. వంటకి పనికిరావు కదా అని."

శేషఫణి బురదలోనే లేచి కూచున్నాడు. మాస్టారి చేతిలో పెద్ద బిందెకేసి చూశాడు. కింద పడున్న మూడింటికేసి చూశాడు. పెదవులు కదిలాయి. "మూడు ఆరోవంతులు... అర. ఎలక్ట్రాన్ జట్టుది... మైనస్ అర."

సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. అంతలోనే నవ్వూ ఆగలేదు.

మాస్టారు పెద్ద బిందెని జాగ్రత్తగా మెట్టుమీద దింపారు.

"పోయి మళ్ళీ నీళ్ళు తే నాయనా. ఈసారి చుట్టాన్ని కూడా పిలుచుకురా."