గట్టెక్కిన పడవ

రేవు దాటి వచ్చారు కదా, ఏం చూశారో చెప్పండి. పడవలు తిరుగుతున్నాయి, జనం దాటుతున్నారు అని తప్పించుకోకండి. ఏడు పడవలూ ఒక్క పుల్లన్నవేనని చూశారా, లేదా?

దస్తగిరి చూశాడు. రేవు తగవులు తీర్చే అధికారి అతనే. రేవంతా ఒక్కడే పట్టుకోకూడదని నవాబుగారి చట్టం కూడా ఉంది. పుల్లన్న ఒక ఏడాది పాటు జనాన్ని ఊరికే దాటించాడు. బేరాల్లేక తక్కినవాళ్లు పడవలు అతనికే అమ్ముకున్నారు. ఆ మర్నాటి నుంచే కేవు, అంటే రేవు దాటించే కూలి, మునుపటికి రెండింతలైంది. అమ్మనివాడు మద్దిలేటి ఒక్కడే. ఫిర్యాదు చేసిందీ అతనే.

విచారణ మూడేళ్లు సాగింది. తగవులో ఉన్న సొత్తు కదలకూడదని మద్దిలేటి పడవను గట్టెక్కించి ముద్ర వేయించాడు దస్తగిరి. పుల్లన్న పడవలు ఆపితే జనం ఎలా దాటుతారని వాటిని వదిలేశాడు.

చివరికి తీర్పు మద్దిలేటి వైపే వచ్చింది. ఆ కాగితం పట్టుకుని దస్తగిరి తన గురువు కరీమ్ షా దగ్గరికి పరుగెత్తాడు.

"బాబా, ఒక్క సాక్షిని వదల్లేదు. ఒక్క వాదన తోసెయ్యలేదు. మద్దిలేటిని గెలిపించాను."

"సంతోషం. పద, అతని పడవలోనే దాటుదాం," అన్నాడు ముసలాయన.

దస్తగిరి తన చేత్తోనే ముద్ర ఊడదీశాడు. కరీమ్ షా నది నుంచి కుండతో నీళ్లు తెచ్చి పడవలో పోశాడు. ఎండి, చెదలు తిన్న పలకల సందుల్లోంచి నీళ్లన్నీ ఇసుకలోకి దిగిపోయాయి. ఇంకో కుండ తెచ్చాడు. అదీ అంతే. మూడోసారి దస్తగిరి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"చాలు బాబా."

ఇంతలో పుల్లన్న పడవ ఒకటి ఒడ్డుకు తగిలింది. గెడ వేస్తున్నవాడు మద్దిలేటి.

దస్తగిరి కాగితం చాచాడు. "నువ్వు గెలిచావు, మద్దిలేటీ."

"గెలిచినానా సామీ? మంచిదే." మద్దిలేటి గెడ మీది నుంచి చేతులు తియ్యలేదు. "మీరు పిలిచినప్పుడల్లా వస్తి గదా, మూడేండ్లు. ఇప్పుడు ఆలస్యమైతే పుల్లన్న ఒప్పుకోడు. ఎక్కుతారా, పోనిస్తారా?"

దస్తగిరి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పడవ నది మధ్యకు సాగిపోయింది.

"తీర్పులో తప్పు లేదు, నాయనా," అని కరీమ్ షా మెల్లగా గట్టెక్కి వెళ్లిపోయాడు.

దస్తగిరి కాగితంతో అక్కడే నిలబడ్డాడు. మీరైతే దాన్ని ఎవరి చేతిలో పెడతారు?