సన్నక్క చేని మూల కూసం

ఓబులయ్య సామికి ఒక అలవాటు ఉండె. ఎవరన్నా ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పడు, చేతికి పని ఇస్తాడు. మాయ అంటే ఏంది సామీ అని అడిగిన ఒక పెద్దమనిషి మూడు నెలలు మఠం బావిలో పూడిక తీసినాడు. పైకి వచ్చేటప్పటికి ఆయనకు ప్రశ్నా గుర్తులేదు, పొట్టా లేదు. మోక్షం ఎట్లొస్తుందని అడిగినాయన ఇంకా మఠం గొర్రెలు మేపుతానే ఉన్నాడు. అందుకే తెలిసినోళ్లు సందేహాలను ఇంటికాడనే దించిపెట్టి మఠానికి పోతాండ్రి.

కంచెల మేస్త్రి కుల్లాయప్పకు అంత తెలివి లేకపాయె. పనిలో మాత్రం చెయ్యి తిరిగినోడే. తాను లాగి బిగించిన తీగ మీద కాకి వాలితే, అది తిరిగి ఎగిరే పనే లేదు, తీగే దాన్ని పక్కూరికి విసిరేస్తుందని చెప్పుకుంటా తిరిగేవాడు. చెప్పుకునేదేముంది, ఒక కాకి అట్లా పోయి పక్కూరి సంతలో పడింది కూడా. దాన్ని చూసినోళ్లు పదిమంది ఉన్నారు, కావాలంటే పోయి అడగండి. తీగకు తాను వేసే ముడి అయితే లోకంలో ఇంకెవరికీ రాదని ఆయన నమ్మకం. ఎడమకు మూడు మెలికలు, కుడికి ఒకటి, కొస లోపలికి.

మఠంలో ప్రతి సాయంత్రం భజనకు ముందర అందరూ కండ్లు మూసుకొని, తమకు మేలు చేసినోళ్లను కాసేపు తలుచుకుంటారు. కుల్లాయప్ప మాత్రం కండ్లు తెరుచుకొని దీపం వత్తిని చూస్తా కూర్చునేవాడు. ఒకనాడు పోయి సామిని అడిగేసినాడు.

"సామీ, అమ్మా నాయనా నా చిన్నప్పుడే పోయిరి. పని ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నా. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నిలబడినోణ్ణి. కండ్లు మూసుకొని నేను ఎవరిని తలుచుకునేది?"

సామి అప్పుడు సీతాఫలం తింటా ఉండె. గింజ ఊసి, సన్నక్క చేని కాడ కంచె మూల కూసం, ఆ రాతి కంబం, ఇరిగిపోయిందంట, పోయి నిలబెట్టి రమ్మన్నాడు. అంతే.

సన్నక్క అంటే మఠంలో వంట చేసే ఆయమ్మ. మొగుడు పోయి చానా ఏండ్లాయె. కొండ కింద మూడెకరాల చెనక్కాయ చేను తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు. పోయినేడు కంచె సందులోనుంచి అడవిపందులు దూరి, ఒక్క కాయ మిగలకుండా తవ్వి తినిపోయినాయి. ఈయేడు కాయ బాగా ఊరింది, ఇంకో పదైదు దినాలుంటే పీకుడే. ఇంతలో ఎవరిదో ట్రాక్టరు మలుపు తిరగతా, ట్రాలీతో మూల కూసాన్ని గుద్ది ఇరగ్గొట్టింది. రెండు పక్కలా తీగలు నేలబడినాయి. కొండ మీద పందులకు కబురు పోయింది. రాయీ లేదు, తీగా లేదు, రండి అని ఎవరో పిలిచినట్టే దిగుతాండె.

కుల్లాయప్ప నవ్వుకుంటా పోయినాడు. ఎంత లావు కూసం తెప్పించినాడంటే, దాన్ని లాగిన ఎద్దులు రెండు దినాలు మేత ముట్టలేదు. పాత మొద్దు పెరికి, గుంత లోతు చేసి, కొత్త కూసం నిలబెట్టి రాళ్లు దట్టించినాడు. దాని చుట్టూ అరచెయ్యి వెడల్పు ఇనుప పట్టీలు వేసి బోల్టులు బిగించినాడు. అటు ఐదు వరసల తీగ, ఇటు ఐదు వరసల తీగ, ఒక్కో వరసకు తీగను బిగించే మర ఒకటి. అట్లా కూసం చుట్టూ తిరగతా ఉంటే, చేని బయటి పక్క నేలలోనుంచి పొడుచుకొచ్చిన పాత తీగ ముక్క ఒకటి కాలికి తగిలి బొక్కబోర్లా పడినాడు. ఎవడు పెట్టినాడురా ఈ చెత్త అని తిట్టి, కటింగ్ ప్లేరుతో నేలకు సమానంగా తుంచి అవతల పారేసినాడు. ఆ తర్వాత మరలు తిప్పితే తీగలు తంబూరా మాదిరి మోగినాయి.

తెల్లారి వచ్చి చూస్తే, కూసం చేనులోకి వంగి సన్నక్కకు దండం పెడతాండె. తీగలు జారిపోయినాయి. నాలుగు సాళ్లు పందుల పాలాయె. పట్టీలు మంచివి కావని కుల్లాయప్ప అంగడాయన్ను తిట్టి, ఇంకా మందం పట్టీలు తెచ్చినాడు. గుంతలో సిమెంటు పోసి, ఒక దినం ఆరనిచ్చి, మళ్లీ బిగించినాడు. ఈసారి సిమెంటు ముద్దతో సహా వంగింది. ఇంకా ఎనిమిది సాళ్లు పోయినాయి. సన్నక్క వచ్చి చూసి, చేనులోకి దిగింది. పందులు కొరికి పారేసిన చెట్లను ఏరి, వాటిలో మిగిలిన కాయలు కోసి కొంగులో వేసుకుంటా ఉండె. తిట్టింటే ఆయనకు కొంచెం బాగుండు.

పానా పక్కన పడేసి కుల్లాయప్ప గట్టు మీద కూలబడినాడు. పుట్టినప్పటినుంచి పని గురించి ఇంకొకరిని అడిగిన మనిషి కాదు. ఆ దినం అడిగినాడు. పాత కూసం ఎన్నేండ్లు నిలబడిందక్కా అని.

"నేను కాపరానికి వచ్చేటప్పటికే ఉండె" అని చెప్పిందామె. "నీ కూసంలో సగం లావు కూడా లేదు. దాని తలకాయ కాడినుంచి వెనక పక్క నేలలోకి ఒక తీగ పోతాండె. నా మేకను దానికే కట్టేస్తాంటి. అది ఏమాయప్పా?"

కుల్లాయప్ప దిగ్గున లేచినాడు. గడ్డపార తీసుకొని, తాను తుంచిన చోట తవ్వడం మొదలుపెట్టినాడు. నడుము లోతు పోయినాక పార ఠంగుమంది. మన్ను తీసి చూస్తే, రాగులు విసిరే ఇసుర్రాయి పైపలక, ఒక అంచు పగిలింది. దాని నడుమ బొక్కలోనుంచి తీగను రెండు పేటలుగా దూర్చి, తుప్పు పట్టకుండా సైకిల్ ట్యూబు చుట్టినారు. పలక మీద గుండ్లు ఒకదానికొకటి అమర్చి పేర్చినారు. రెండు పక్కల తీగలు కూసాన్ని చేనులోకి లాగతాంటే, ఇన్నేండ్లూ ఇది భూమిలోనుంచి వెనక్కి పట్టుకొని ఉండె.

ట్యూబు విప్పి ముడి చూసినాడు. ఎడమకు మూడు మెలికలు, కుడికి ఒకటి, కొస లోపలికి.

గుంతలో అట్లే కూర్చుండిపోయినాడు. చిన్నప్పుడు ఏదో ఊరి దోవ పక్కన, ఎవరో ఒకాయన కంచె కడతా ఉంటే ఒక పూటంతా నిలబడి చూసింది అప్పుడు గుర్తొచ్చింది. ఆయన మొహం గుర్తులేదు. వీపు గుర్తుంది, చేతులు గుర్తున్నాయి. పిల్లోడు చూస్తాండాడని తెలిసో ఏమో, ఆయన ఆ ముడిని ఒకసారి విప్పి, మళ్లా నిదానంగా వేసినాడు.

పొద్దు వాలకముందే కుల్లాయప్ప ఆ పలకకు కొత్త తీగ దూర్చి, గుండ్లు మళ్లా అట్లే పేర్చి, మన్ను కప్పి తొక్కినాడు. కూసం తలకు పట్టీ వేసి, మర తిప్పినాడు. వంగిన కూసం పిలిస్తే లేచిన మనిషి మాదిరి నిటారుగా నిలబడింది. ఆ రాత్రి పందులు వచ్చినాయి. వాటిలో పెద్దది గుద్ది గుద్ది, తలనొప్పి పట్టుకొని, వారం దినాలు కొండ దిగలేదు.

ఇంకో పది దినాలకు సన్నక్క చెనక్కాయ పీకింది. మొదటి కాయలు గంపెడు ఉడకబెట్టి మఠానికి తెచ్చి, తొలి దోసెడు కుల్లాయప్ప చేతిలో పోసింది. ఆ సాయంత్రం అందరితో పాటు ఆయనా కండ్లు మూసుకున్నాడు. అందరూ తెరిచినారు, భజన అయిపోయింది, తాళాలు సంచిలోకి పోయినాయి, కుల్లాయప్ప కండ్లు తెరవలేదు. చివరికి లేచి, తడి మొహం తువ్వాలుతో తుడుచుకొని, సామి దగ్గరకు పోయినాడు. ఏడూర్లు తిరిగినా ఆ కంచె కట్టినాయన పేరు చెప్పేవాళ్లు దొరకలేదని, కొండ అవతలినుంచి వచ్చి కట్టిపోయినాడని మాత్రం అంటున్నారని, పేరు తెలియకపోతే ఎట్లా తలుచుకునేదని అడిగినాడు.

సామి ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. "పేరు కావల్సినోడైతే ఆ రాయిని పైననే పెట్టిపోయుండు" అన్నాడు.

ఇంకో కాయ ఒలిచి, గింజలు కుల్లాయప్ప చేతిలో పెట్టినాడు.

"కొండ అవతల ఎవరిదో చేని కూసం వంగిందంట. మీ ఇంట్లో పగిలిన ఇసుర్రాయి ఏమన్నా ఉందా?"